పత్తిపువ్వు పాత చుట్టరికం

నడిగడ్డలోని అయిజ చుట్టుపక్కల సీడు పత్తి చేలను పొద్దువాలే వేళ చూడాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను కూలికి వచ్చిన ఆడమనిషి బొటనవేలి గోటితో చీరి, రేకులనూ పుప్పొడి తిత్తులనూ ఒలిచేస్తుంది. నడుమనున్న కీలం చెక్కుచెదరకూడదు. తెల్లారాక మగచెట్టు పువ్వు తెంపి దానికి మెల్లగా రాస్తుంది. ఒక్క మగపువ్వు నాలుగైదు మొగ్గలకు సరిపోతుంది. ఇక్కడ దీన్ని క్రాసింగ్ అంటారు. ఆ కాయలోని గింజే ఎక్కడెక్కడి రైతులో కొనే హైబ్రిడ్ విత్తనం.

ఈ విద్యకు తొలి ఫలం 1970లో సూరత్‌లో దక్కింది. అక్కడ సి.టి. పటేల్ రూపొందించిన హైబ్రిడ్-4 ప్రపంచంలోనే వాణిజ్య సాగుకు వచ్చిన మొదటి సంకర పత్తి. కానీ పత్తి కథ అంతకన్నా చాలా పాతది. పాకిస్థాన్‌లోని మెహర్‌గఢ్ తవ్వకాల్లో ఒక రాగిపూసలో దొరికిన పత్తి పోగుల వయసు ఏడువేల ఏళ్లకు పైమాటే.

మన నల్లరేగళ్లలో తరతరాలుగా పండింది దేశవాళీ పత్తే. కర్నూలు, బళ్లారి సీమల్లో తొలి వానల అదునుకు విత్తే రకానికి ముంగారి పత్తి అని పేరు. దాని పోగు పొట్టిది. మిల్లులు పొడుగు పోగు అడిగేసరికి అమెరికా జాతి పత్తి చేలను ఆక్రమించింది. 2002లో బీటీ పత్తి వచ్చాక దేశవాళీ మరీ మూలపడింది.

చిత్రమేమంటే, దేశవాళీ పత్తీ అమెరికా పత్తీ దూరపు చుట్టాలు. దేశవాళీకి 26 క్రోమోజోములు, అమెరికా పత్తికి 52. ఆ 52లో సగం, లక్షల ఏళ్ల కిందట దేశవాళీ వంశానికి దగ్గరి మొక్క ఇచ్చినవే. అయినా నేడు ఈ రెంటినీ కలిపితే 39 క్రోమోజోముల గొడ్డుమొక్క పుడుతుంది. కాల్చిసిన్ మందుతో క్రోమోజోములను రెట్టింపు చేస్తే అది మళ్లీ కాయ పట్టగలదు. శాస్త్రవేత్తలు ఇంత శ్రమపడేది ఊరికే కాదు. బెట్టకు ఓర్చుకోవడం, రసం పీల్చే పురుగులను తట్టుకోవడం, ఆకుముడత వైరస్‌కు లొంగకపోవడం దేశవాళీ సొత్తు.

నంద్యాలలో 1906లో మొదలైన పరిశోధనా కేంద్రం ఈ సొత్తును పట్టుకునే అరవింద, యాగంటి వంటి దేశవాళీ రకాలను అందించింది. జన్యు బ్యాంకుల శీతల గదుల్లోనూ పాత విత్తనం భద్రంగానే ఉంటుంది. కానీ చేలో ఉన్న విత్తనమే ఏటేటా మారే వానను, తెగులును ఎదుర్కొంటూ రాటుదేలుతుంది.

మగచెట్టు లేకుండా సీడు పత్తి కాయదని నడిగడ్డ రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. రేపటి కొత్త రకానికి తల్లో తండ్రో కావలసిన మొక్క ఈ నేలలోనే బతికుండాలి. పొలం గట్టువారన నాలుగు సాళ్ల ముంగారి చాలు.