ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ నోరు ఎందుకు చూస్తారు?

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ వచ్చి నోరు పెద్దగా తెరవమంటారు, నాలుక బయట పెట్టమంటారు. చాలామంది దీన్ని లాంఛనం అనుకుంటారు. కమాన్‌పూర్ నుంచి గోదావరిఖని, కరీంనగర్ దవాఖానాలకు ఆపరేషన్ కోసం వెళ్లేవాళ్లు ఈ ఒక్క నిమిషం పరీక్ష సంగతి తెలుసుకోవాలె.

పూర్తి మత్తులో కండరాలు వదులయ్యే మందు పడగానే మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. అప్పుడు నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసి మెషిన్‌తో ఊపిరి ఇస్తారు. ముందే ఆక్సిజన్ పట్టినా చేతిలో ఉండేది కొన్ని నిమిషాలే. ఆలోగా ట్యూబ్ పడక, మాస్క్‌తో కూడా గాలి పోకపోతే ప్రాణానికే ముప్పు.

ఈ కష్టాన్ని ముందే పసిగట్టే పరీక్ష ప్రపంచమంతా ఒక తెలుగు డాక్టర్ పేరుతోనే నడుస్తోంది. అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు 210 మంది పేషెంట్లను పరీక్షించి 1985లో స్టడీ ప్రచురించారు. కొండనాలుక, దాని పక్కల మడతలు బాగా కనిపిస్తే దారి తేలిక. నాలుక అడ్డొచ్చి అవి దాగిపోతే కష్టం కావచ్చు. ఆయన పెట్టినవి మూడు క్లాసులు. 1987లో బ్రిటన్ డాక్టర్లు నాలుగోది కలిపారు, అందులో గట్టి అంగిలి తప్ప ఏమీ కనబడదు.

ఈ స్కోరు ఒక్కటే చాలదు. చిన్న దవడ, వెనక్కి వంగని మెడ, శ్వాసనాళాన్ని నొక్కే థైరాయిడ్ గడ్డ, మెడ మీద కాలిన మచ్చలు, గట్టి గురక, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

మన బొగ్గు బెల్టులో వీటికి తోడు గుట్కా ఉంది. గ్యాస్ భయంతో బాయి లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. దాంతో నమిలే పొగాకుకు అలవాటు పడినవాళ్లున్నారు. గుట్కాలోని వక్క వల్ల ఏళ్లు గడిచేకొద్దీ బుగ్గల లోపలి పొర నారలా బిగుసుకుంటుంది, నోరు తెరుచుకోదు. మామూలుగా మన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. ఒకటిన్నర వేలే పడితే ట్యూబ్ వేసే పరికరం లోపలికి పోవడమే కష్టం. ఇంట్లో పెద్దల ముందు గుట్కా సంగతి దాస్తే దాచండి గానీ, మత్తు డాక్టర్ దగ్గర మాత్రం వద్దు.

గడ్డం గురించి కూడా ఒక మాట. ఒత్తుగా ఉంటే మాస్క్ ముఖానికి సరిగా అతుక్కోక గాలి పక్కలకు పోతుంది. గడ్డం తీయకుండా జెల్ రాసో, పైన ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించో పని నడిపించే పద్ధతులున్నాయి. అది సున్నత్‌గా పెంచుకున్నదైతే ముందురోజే డాక్టర్‌తో మాట్లాడుకోవడం మంచిది. పరదాలో ఉండే ఆడవాళ్లు నోరు, మెడ చూపించడానికి లేడీ డాక్టర్ కావాలని అడగవచ్చు, పరీక్ష మాత్రం తప్పించుకోవద్దు.

ముందే తెలిస్తే దారులున్నాయి. గొంతు మొద్దుబార్చి, మనిషి మెలకువగా ఉండగానే సన్నని కెమెరా గొట్టం సాయంతో ముక్కులోంచి ట్యూబ్ వేస్తారు. కొన్ని ఆపరేషన్లు నడుముకు ఇంజెక్షన్‌తోనే అయిపోతాయి. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు ఉంటే అవీ చెప్పాలె. ఇదివరకు ఎక్కడైనా ట్యూబ్ వేయడం కష్టమైందని డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటే దాని జిరాక్స్ వెంట తీసుకెళ్లండి.