గ్రామఫోను ముల్లు: పాత ప్లేట్ల అరుగుదల

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో బెంగుళూరున జన్మించి, 1964లో కీర్తిశేషులైరి. వారి ఫిడేలును ఎదుట కూర్చుండి వినినవారు నేడు మిక్కిలి అరుదు. మిగిలినవి ప్లేట్లు. తిరువారూరున పుట్టి తిరువయ్యారున వెలసిన త్యాగరాజస్వామివారి తెలుగు కృతులు సయితము ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లనుండియే ప్లేట్లకెక్కినవి. తమిళ, కన్నడ దేశములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి యిండ్లలో ఇట్టివి నేటికిని పెట్టెలలో నుండవచ్చును. వానిని వేసి చూచినప్పుడు పాటకంటె ముందు గరగర వినవచ్చును. “ప్లేటు పాతబడినది” అని పక్కన పెట్టుట వాడుక. ఈ మాట సగమే నిజము. ఊరక పెట్టెలో నున్న ప్లేటు గాడి అరుగదు. దానిని అరుగదీసినది ముల్లు. ఏ ముల్లు, ఎంత బరువుతో, ఏ కోణమున ఆ గాడిలో నడచినదో దానినిబట్టియే ప్లేటు బ్రతుకు నిర్ణయమైనది.

ఎమిలీ బెర్లినర్ 1887లో బల్లపరుపు ప్లేటుకు మార్గము చూపెను. తరువాతి 78 చుట్ల ప్లేటు లక్కలో రాతిపొడి కలిపి చేసినది. ఆ పొడి యూరక కలిపినది కాదు. ఉక్కుముల్లు మొదటి కొన్ని చుట్లలోనే ఆ పొడికి ఒరసుకొని గాడి ఆకారమునకు సానపట్టబడవలెనని ఏర్పాటు. అందుచేతనే ప్రతి ప్రక్కకు క్రొత్త ముల్లు వేయవలెనని నియమముండెను. పొదుపరులైన గృహస్థులు ఒక్క ముల్లుతోనే పది పాటలు వినిరి. అంచుదేరిన ఆ ముల్లు ఉలియై గాడి గోడలను చెక్కెను. పైనున్న సౌండుబాక్సు బరువు నూరు గ్రాములకు మించినదిగా నుండెడిది.

1925లో విద్యుత్పద్ధతిని పాట నెక్కించుట మొదలయ్యెను. అటుపిమ్మట ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చు కార్ట్రిడ్జి యిండ్లలోనికి వచ్చెను. మొదట ప్రచారమునకు వచ్చినది రోషెల్ లవణపు స్ఫటికము గలది. అది దాదాపు అర వోల్టు నుండి ఒక వోల్టు వరకు ఇచ్చును గనుక సాధారణమైన రేడియోకు తగిలించినను చాలును. కాని ఆ లవణము చెమ్మకు, వేడికి ఓర్వదు. చెన్నపట్టణమువంటి సముద్రతీరపు ఊరిలో అది ఎన్నాళ్లు నిలుచునో చెప్పనక్కరలేదు. పింగాణి జాతి కార్ట్రిడ్జి ఈ దోషమును తగ్గించెను.

అసలు చిక్కు 1948లో, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు సన్నగాడి ప్లేటుతో వచ్చినది. పాత ప్లేటు ముల్లు కొన వ్యాసార్ధము అంగుళములో వేయింట మూడువంతులు. క్రొత్తదానికి ఒక్క వంతే. 1958 ప్రాంతమున స్టీరియో వచ్చినపిమ్మట అంతకంటెను తక్కువ. పెద్ద ముల్లు సన్నగాడిని చించును. చిన్న ముల్లు పాత గాడి అడుగునకు జారి, పాటను వదలి మురికిని చదువును. ఒక మీటను త్రిప్పినచో రెండవ ముల్లు క్రిందికి వచ్చు కార్ట్రిడ్జిని ఇందుకే చేసిరి. ఆ మీటను త్రిప్ప మరచిన చేతులే ఎక్కువ ప్లేట్లను పాడుచేసియుండవలెను.

అయస్కాంతపు కార్ట్రిడ్జులు రెండు తెగలు. ఒకదానియందు అయస్కాంతము కదలును, రెండవదానియందు తీగచుట్ట కదలును. మొదటిది నాలుగైదు మిల్లీవోల్టులిచ్చును. రెండవది తరచుగా అర మిల్లీవోల్టుకు లోపే. తీగచుట్టది సూక్ష్మస్వరములను మిక్కిలి స్పష్టముగా చెప్పునని పేరు పొందినది. అయినను పాత ప్లేట్లు గలవారికి కదులు అయస్కాంతమే మేలు. ముల్లును మాత్రము ఊడదీసి వేరొక కొలతది పెట్టుకొనవచ్చును. తీగచుట్ట రకములో సాధారణముగా ఆ సౌకర్యము లేదు.

ఎంత మంచి ముల్లైనను వంకరగా కూర్చుండిన నిష్ప్రయోజనము. ప్లేటును చెక్కిన ఉలి అంచునుండి నడిమికి తిన్నగా నడచినది. వినునప్పటి చేయి ఒక మూలనుండి తిరుగును గనుక ముల్లు విల్లువలె వంగిన దారిని పోవును. రెండు దారులును అంతటను ఒకటి కావు. చేతిని కొంత వంచి, ముల్లును నడిమి కుదురు దాటి పదునైదు పదునెనిమిది మిల్లీమీటర్లు ముందుకు జరిపినచో, రెండుచోట్ల మాత్రము కోణము సరిపడును. పెర్సీ విల్సన్ 1924లోను, లోఫ్‌గ్రెన్ 1938లోను, బేర్‌వాల్డ్ 1941లోను ఈ లెక్కను సాధించిరి. బేర్‌వాల్డ్ లెక్కకు ఆ చోట్లు కుదురునుండి సుమారు 66, 121 మిల్లీమీటర్లు. 1966లో స్టీవెన్‌సన్ లోపలి చోటును 60.3 మిల్లీమీటర్లకు, అనగా పాట ముగియు గాడికే, జరిపెను.

ఈ భేదము చిన్నదికాదు. పెద్ద ప్లేటు అంచున గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు నడచును; లోపల 21 మాత్రమే. వేగము తగ్గినకొలది స్వరములు గాడిలో క్రిక్కిరిసియుండును, కోణదోషము అచ్చటనే పెద్దదై వినబడును. కర్ణాటక సంగీతమున కృతి నెమ్మదిగా మొదలై, చివరకు స్వరకల్పనతో జోరందుకొనును. మన గాయకుల బలమంతయు ప్లేటు బలహీనముగా నుండు చోటనే పడినదన్నమాట. సగటున బేర్‌వాల్డ్ లెక్క మెరుగని చాలమంది అందురు. మన పాటకు మాత్రము స్టీవెన్‌సన్ లెక్కయే తగునని తోచును.

78 చుట్ల ప్లేటు విషయమున మరియొక ఉపాయము కలదు. ఉక్కుముల్లు గాడి గోడను ఒక ఎత్తున మాత్రమే అరుగదీసియుండును. ఆ పైననో క్రిందనో గోడ ఇంకను చెక్కుచెదరకయుండవచ్చును. కొంచెము పెద్దదియో చిన్నదియో అగు వజ్రపు ముల్లును మూడు నాలుగు గ్రాముల బరువుతో ఆనించినచో అచ్చట తాకును. స్టీరియో కార్ట్రిడ్జి రెండు వైపుల తీగలను ఒకటిగా కలిపినచో, ముల్లు నిలువున ఎగిరిపడుటవలన పుట్టు రొద రద్దగును. అడ్డముగా చెక్కిన పాట మిగులును. అప్పుడు, గరగరయే తప్ప ఏమియు లేదనుకొన్న ప్లేటునుండి సయితము కమాను తీగపై ఆనిన చప్పుడు వినవచ్చుట కలదు.