గల్లాపెట్టె నిండిన ఏళ్లు

ఆ కట్టె కాస్త ఎగదొయ్యరా చిన్నోడా, చలి కొరుకుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో రైళ్లు బాగా సంపాదించాయంటగా తాతయ్యా, అనడిగావు. సంపాదించాయి. ఆ సంపాదన లెక్క రాసినవాళ్లలో మా నాయనా ఒకడు. బెజవాడ స్టేషన్లో బుకింగు గుమాస్తా.

అప్పుడు ఆ లైను నడిపేది ఎం.ఎస్.ఎం. రైల్వే, లండన్ కంపెనీ. నైజాం రైలు కూడా బెజవాడ దాకా వచ్చేది. అటునుంచి దిగినవాళ్ల మొలల్లో హాలీ రూపాయలుండేవి, ఇటు అవి చెల్లవు. నూరు కల్దారు, అంటే ఇంగ్లీషు సర్కారు రూపాయలకి 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ. నిద్రలో లేపి అడిగినా నాయన ఆ లెక్క చెప్పేవాడు.

టికెట్లు అట్టముక్కలు. ప్రతిదాని మీదా నంబరు. పొద్దున మొదటి నంబరు, రాత్రి ఆఖరి నంబరు, మధ్యలోవన్నీ అమ్ముడైనట్టు. అంతకు సరిపడా డబ్బు మూట కట్టి ఇనప్పెట్టెలో వేస్తే, అది గార్డు పెట్టెలో వెళ్లేది. యుద్ధం రాకముందు అంతే పని.

1940 మార్చి 1 నుంచి ఛార్జీలు పెరిగాయి. ప్రయాణానికి రూపాయికి అణా, సరుక్కి రెండణాలు. అయినా జనం తగ్గలేదు. ఓడలకి సముద్రం మీద భయం పట్టుకుంది, బెంగాల్ నుంచి ఓడల్లో దిగే బొగ్గు కూడా రైలెక్కింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. పట్నం జనం పిల్లాజెల్లాతో, సామాన్లతో పల్లెలకి ఎగబడ్డారు. నాకప్పుడు ఐదేళ్లు. ప్లాట్‌ఫారం మీద తల్లి చెయ్యి వదిలేసిన పిల్ల ఏడుపు నాకింకా వినపడుతుంది.

ఇక్కడో సంగతి వినండి. బండి నిండింది గానీ నాయన డబ్బుమూట మాత్రం ఆ మేరకి పెరగలేదు. ఎందుకంటే సగం మంది సిపాయిలు. వాళ్లు డబ్బివ్వరు, వారంటు కాగితం ఇస్తారు. దాని మీద టికెట్టిచ్చి, ఆ కాగితాన్ని డబ్బులాగే దాచి పైకి పంపాలి. దాన్ని చూపించి మిలిటరీ ఖాతా నుంచి రాబట్టుకోవాలి. కాగితం పోయిందా, ఆ సొమ్ము గుమాస్తా మీద డెబిట్. ఓ రాత్రి నాయనకి ఒక వారంటు లెక్కకి తగల్లేదు. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగోనాడు టికెట్ల బీరువా సందులో దొరికింది. ఇంటికొచ్చి అమ్మతో ఏమీ అనలేదు, కంచం ముందు కూర్చుని మారు అడిగి వేయించుకున్నాడు. అమ్మకి అర్థమైంది.

చిల్లర కరువు ఇంకో గోల. జనం నాణేలు దాచేసుకున్నారు. కాగితం రూపాయి వచ్చింది గానీ దాన్ని మార్చేదెవరు? 1943లో చిల్లు కానీ వచ్చాక మా అమ్మ వాటిని దారానికి గుచ్చి దూలానికి వేలాడదీసింది.

1942 ఆగస్టు 12న స్వరాజ్యం కోసం లేచిన కుర్రాళ్ల చేతుల్లో తెనాలి స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో ఏడుగురు పోయారు. కాలిపోయిన స్టేషన్ లెక్కకి, ఆఖరుసారి పైకి పంపిన కాగితం ఏ నంబరు దగ్గర ఆగిందో అక్కణ్ణుంచి పట్టుకోవాలి. ఆ మాట చెప్పేటప్పుడు నాయన గొంతు తగ్గించేవాడు. ఆయన జీతం కంపెనీది, మనసు ఆ కుర్రాళ్లది.

ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "గల్లాపెట్టె నిండుతోందిరా, బండి అరుగుతోంది." పట్టా అరిగితే మార్చాలి, ఇంజను ముసలిదైతే కొత్తది తేవాలి. దానికోసం అరుగుదల నిధిలో డబ్బు వేస్తూనే ఉన్నారు. కానీ కొనడానికి సరుకేది? కార్ఖానాలు తుపాకులు చేస్తున్నాయి. ఉన్న మీటరు గేజి ఇంజన్లు, వ్యాగన్లు కూడా ఓడలెక్కించి పశ్చిమాసియాకి పంపారు. మిగులు అని పుస్తకంలో రాసినదాంట్లో ఎంతోకొంత ఆ అరిగిన ఇనుమే. నాకది ఇప్పటికీ బాధే. పనివాళ్ల సంగతీ అంతే. ధరలు మండుతుంటే చౌకగా బియ్యం ఇవ్వడానికి రైల్వేలు గింజల దుకాణాలు తెరిచాయి. ఆ నష్టం కూడా రైలు ఖర్చు కిందే రాశారు. మా ఇంటి ఎసట్లో పడింది ఆ బియ్యమే.

1944 ఏప్రిల్ 1న కంపెనీ పోయి లైను సర్కారు చేతికొచ్చింది. నాయనకి మాత్రం మార్చి 31 రాత్రి ఏ నంబరు దగ్గర టికెట్లు ఆగాయో, పొద్దున ఆ పక్క నంబరు నుంచే మొదలు.

కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైనుండేది. యుద్ధం కోసం 1940లో ఆ పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ వేసింది ఎప్పుడనుకున్నారు? 2004లో. అప్పటికి నాయన లేడు. నేను పనిగట్టుకుని కాకినాడ వెళ్లి, కోటిపల్లికి టికెట్ కొనుక్కుని ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని, దారిపొడుగునా ఆ కొత్త పట్టాలే చూస్తూ పోయాను.