వజ్రాగ్రములపై లోహనిక్షేపణము

స్వభావముచేత విద్యున్నిరోధకమైన వజ్రమున కర్బన పరమాణువుల స్థానమందు కొన్ని బోరాన్ పరమాణువులను చొప్పించినయెడల, అది వాహకమగును. ఘన సెంటీమీటరునకు వాని సంఖ్య 10²⁰ శ్రేణిని దాటినప్పుడు దాని వాహకత్వము లోహమును పోలియుండును. మీథేన్, హైడ్రోజన్ వాయుమిశ్రమమునుండి సిలికాన్ ఫలకముపై పెంచిన ఇట్టి పలుచని పొరను ఋణధ్రువము గావించినచో, ద్రావణమందలి వెండి, సీసము, కాడ్మియము మున్నగు లోహముల అయానులు దానిపై క్షయీకరణమొంది పేరుకొనును. అయితే హైడ్రోజన్‌తో కప్పబడిన వజ్రతలము లోహమును గట్టిగా పట్టుకొననందున, అది అఖండమైన పూతగా పరచుకొనక, తామరాకుపై నీటివలె విడివిడి బిందురూపమున, విశేషించి స్ఫటికముల అంచులయందు మొలకెత్తును. పూతవేయువారికి ఇది ఇబ్బందియే కాని, విశ్లేషకులకు మహోపకారము. పొటెన్షియలును ధనదిశకు మరల్చినంతనే లోహము కరగి, తన రాశికి తగిన ప్రవాహమును వెలువరించుటచే, విషతుల్యమైన పాదరసపు విద్యుదగ్రముతో పని తగ్గినది.

మాంగనీసు విషయమున క్రమము తారుమారగును: దాని అయాను ధనధ్రువముపై ఆక్సీకరణమొంది డయాక్సైడుగా నిలిచి, పిదప క్షయీకరణమున కరగును. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో ఆరంభమైనది విజయనగర ప్రాంతముననే; కోడూరైటు శిలకు పేరునిచ్చిన కోడూరు గనియు గరివిడి, చీపురుపల్లి సీమలోనిదే. త్రాగునీటిలో మాంగనీసు లీటరునకు 0.1 మిల్లీగ్రామునకు లోబడియుండుట మేలని భారతీయ ప్రమాణము చెప్పుచున్నందున, ఇంతటి సూక్ష్మ పరిమాణములను పసిగట్టు ఈ పద్ధతి ఆ గనులచెంతనున్న గ్రామముల బావినీటి పరీక్షకు మిక్కిలి అనువైనది.