తప్పు కలపడంలో ఉంది, మందులో కాదు

పోయినేడాది మా సైట్‌లో ఒక తమ్ముడికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. పక్కింటి పాపకు తట్టు టీకా వేస్తే జ్వరం వచ్చిందట, మన బాబుకు వద్దని భార్య అంటోంది. "ఏం చెయ్యమంటవన్నా?" అని నన్నడిగాడు. నేను డాక్టర్ను కాను. నాకు తెలిసిన సమోవా సంగతి చెప్పాను.

సమోవా పసిఫిక్ సముద్రంలో చిన్న ద్వీప దేశం. జనాభా సుమారు 2 లక్షలు. 2018 జూలైలో అక్కడ టీకా వేసిన కొద్ది నిమిషాలకే ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. టీకా పొడిని దానికోసం ఇచ్చిన నీటితో కలపాలి. నర్సులు పొరపాటున కండరాలను సడలించే మందు కలిపారు, అదీ గడువు తీరినది. తర్వాత ఇద్దరు నర్సులకు జైలుశిక్ష పడింది.

మనం కాంక్రీటు పని చేసేవాళ్ళం. మిక్స్ తప్పితే స్లాబ్ పాడవుతుంది. అంతమాత్రాన సిమెంటే వద్దనుకుంటామా? అక్కడ మాత్రం ప్రభుత్వం నెలల తరబడి టీకాలు ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టినా తల్లిదండ్రుల్లో భయం పోలేదు. 2018లో మొదటి డోసు అందింది నూటికి 31 మంది పిల్లలకే.

2019లో న్యూజిలాండ్‌లో తట్టు చెలరేగింది. మనం గల్ఫ్‌కు వచ్చినట్టు సమోవావాళ్ళు బతుకుదెరువుకు అక్కడికే పోతారు. ఆ రాకపోకల్లోనే జబ్బు సమోవాకు చేరింది. 5,700 మందికి పైగా తట్టు సోకింది. 83 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఐదేళ్ళలోపు పిల్లలే. నవంబర్ 15న ఎమర్జెన్సీ పెట్టి బడులు మూసేశారు. డిసెంబర్ 5, 6 తేదీల్లో దేశమంతా పనులు ఆపి ఇంటింటికీ తిరిగారు. టీకా పడనివాళ్ళున్న ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టమన్నారు. అప్పటికి చాలా ఇళ్ళలో ఉయ్యాలలు ఖాళీ అయ్యాయి.

అదే తట్టు పక్కనున్న ఫిజీకీ వెళ్ళింది. అక్కడ చాలామందికి ముందే టీకా పడి ఉంది, ఒక్కరూ చనిపోలేదు. టీకా లేని కాలంలో, 1875లో, సిడ్నీ నుంచి ఓడలో వచ్చిన తట్టు ఇదే ఫిజీలో సుమారు 40 వేల మందిని పొట్టన పెట్టుకుంది. మన తెలుగువాళ్ళు 1903 నుంచి గిర్మిట్ కూలీలుగా వెళ్ళింది ఆ దీవులకే.

టీకా తర్వాత కొందరు పిల్లలకు జ్వరం వస్తుంది, మామూలుగా తగ్గిపోతుంది. మన దేశంలో మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఆ తమ్ముడు ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాడు. వారం తర్వాత బాబు టీకా కార్డు ఫొటో నాకు చూపించాడు. అన్నలారా, మీరూ ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు డబ్బులు అందాయా అని అడిగాక, పిల్లల కార్డులో రెండు డోసులూ పడ్డాయా అని కూడా అడగండి.