చోడవరపు సీమ పందుంపుల్ల

2022 వరకు విశాఖపట్టణ జిల్లాలోనుండి, నేడు అనకాపల్లి జిల్లాలోనున్న చోడవరము చెఱకు పండు సీమ. ఇచటి పందుంపుల్ల దంతములను తెల్లపఱచుటకే పుట్టినదా యనునది విచార్యము.

‘పన్ను’, ‘తోము’ కలిసి ‘పందోము’ అయినది, వ్యవహారమున ‘పందుంపుల్ల’. ఈ పదమున తోముటయే కలదు, తెలుపు లేదు.

సుశ్రుతసంహిత, చికిత్సాస్థానము 24వ అధ్యాయమున, దంతకాష్ఠము 12 అంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు ఉండవలెనని విధించి, చేదులలో వేపను, వగరులలో చండ్రను, తీపులలో ఇప్పను, కారములలో కానుగను శ్రేష్ఠములుగా నెన్నినది. వేప, కానుగలు ఈ మైదానమునను, ఇప్ప పొరుగు మన్యమునను పెరుగుచున్నవి. వృక్షనిర్ణయము రుచినిబట్టియే కాని వర్ణమునుబట్టి కాదు.

ఫలములలో ‘వైశద్యము’ పేర్కొనబడినది. విశదశబ్దమునకు అమరకోశమున తెలుపను నర్థము కలదు. అయినను దుర్గంధ కఫముల నివృత్తి, అన్నరుచి, మనఃప్రసాదము అనువాని నడుమ నుండుటచే ఇచట నోటి నైర్మల్యమే గ్రాహ్యము.

అనుభవము నిట్లే యున్నది. నమలిన పుల్ల కుంచెవలె విచ్చి పాచిని, పైమరకలను తొలగించును. పంటి సహజవర్ణమును మార్పజాలదు. తెలుపునకై బొగ్గుపొడితో గట్టిగా రుద్దినచో పైపొర యరిగి, లోని పసుపుపొర బయలుపడును; అరిగినది మరల పెరుగదు.

కావున శుచియే ప్రధానము, తెలుపు ఆనుషంగికమని మేము తలంచుచున్నాము.