కంకర బాటపై కరెంటు సైకిలు



గత కార్తీకమాసంలో నేనొక సైకిలు కొన్నాను. అరవై అయిదేళ్ల వయసులో సైకిలు కొనడమే వింత. పైగా అది బ్యాటరీ సాయంతో కదిలేది. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. "గ్రావెల్ బైక్" అని దానికి పేరు. ధర నా మూడు నెలల పింఛను. ఇంటికి తెచ్చిన రోజున మా పాఠశాలలో నాతోపాటు పనిచేసిన డ్రిల్లు మాస్టారు వచ్చి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏమండోయ్ పంతులుగారూ, తొక్కేది మీరా, మోటారా?" అన్నారు. ఆయనకు డెబ్బయి నిండాయి. ఇప్పటికీ పాత నల్ల సైకిలే తొక్కుతారు. కనుక ఆ మాట అనే అధికారం ఆయనకు ఉన్నది. నాకు మాత్రం వెంటనే జవాబు తోచలేదు. తరువాతి నెలల్లో చదివి కొంత, తొక్కి కొంత తెలుసుకొన్నదే ఈ టపా.

ముందుగా కొన్న కారణం చెప్పాలి. మా అక్కయ్య ఊరు మాకు పద్నాలుగు కిలోమీటర్ల దూరం, కాలువ గట్టు వెంట. బస్సు ఎక్కితే చుట్టూ తిరిగి, రెండుచోట్ల మారి వెళ్లాలి. బావగారు పోయిన తరువాత ఆవిడ ఒంటరిగా ఉంటున్నది. ఉద్యోగకాలంలో ప్రతి ఆదివారమూ సైకిలు మీద వెళ్లి వచ్చేవాణ్ణి. మోకాళ్లు మొరాయించాక ఆ రాకపోకలు మా అబ్బాయి తీరికను బట్టి మారిపోయాయి. తోబుట్టువును చూడడానికి ఒకరి తీరిక కోసం ఎదురుచూడవలసి రావడం నాకు మోకాలి నొప్పికన్న ఎక్కువ బాధగా తోచింది.

గ్రావెల్ అనే మాట మనకేమీ కొత్త కాదు. మా గోదావరి ప్రాంతంలో గుత్తేదారులూ లారీలవారూ గులకరాళ్లు కలిసిన ఎర్రమట్టిని గ్రావెల్ అనే అంటారు. తెలంగాణలో అటువంటిదాన్నే మొరం అంటారు. కొట్టిన రాళ్లు పరచినది కంకర రోడ్డు, లేదా మెటల్ రోడ్డు. ఈ కంకర రోడ్డు పద్ధతిని స్థిరపరచినవాడు స్కాట్లండు దేశీయుడు జాన్ లౌడన్ మెకాడం (1756–1836). అడుగున పెద్ద బండలు పేర్చనక్కరలేదు, కోణాలు తేలేలా చిన్నగా కొట్టిన రాళ్లను పొరలుగా పరిస్తే బండ్ల బరువుకే అవి ఒకదానిలో ఒకటి బిగుసుకొంటాయి, నీరు మాత్రం పక్కలకు జారిపోయేలా చూడాలి. ఆయన చెప్పిన సూత్రం ఇంతే.

మెకాడం ఇంగ్లండులో రోడ్లు వేయిస్తున్న కాలంలోనే జర్మనీలో సైకిలుకు పూర్వజన్మ ఎత్తినట్లయింది. 1817 జూన్ 12న కార్ల్ ఫాన్ డ్రైస్ అనే ఆయన మన్‌హైం పట్టణం నుంచి, కొయ్యతో చేసిన రెండు చక్రాల యంత్రంపై కూర్చుని, కాళ్లతో నేలను తన్నుకొంటూ ష్వెట్జింగెన్ దారిన వెళ్లి, గంటలోపలే తిరిగి వచ్చాడు. దానికి పెడళ్లు లేవు, చైను లేదు. బరువు 22 కిలోల వరకు ఉండేది. 1815లో ఇండోనీషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై, మరుసటి ఏడు ఐరోపాలో ఎండలు లేక పంటలు పోయాయి. గుర్రాలకు దాణా కరవయింది కనుకనే గుర్రం అక్కరలేని బండి ఆలోచన వచ్చిందని కొందరు చరిత్రకారుల ఊహ. ఊహ మాట ఎలా ఉన్నా, ఆ యంత్రానికి తొలి శత్రువు దారి. బండ్ల చక్రాలు పడి గాడులు తేలిన బాటల మీద అది సాగక, నడిపేవారు కాలిబాటలెక్కారు. పాదచారులు మొరపెట్టుకొన్నారు. కొన్ని నగరాలు దాన్ని కాలిబాటల మీద నిషేధించాయి.

1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు వచ్చాయి. ఇనుప కమ్మీ చుట్టిన ఆ చక్రాలు రాతి వీథుల మీద దొర్లుతుంటే ఒళ్లు హూనమయ్యేది, అందుకే ఇంగ్లీషువారు దానికి "ఎముకలు కుదిపే బండి" అని పేరు పెట్టారు. 1885లో కవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలుతో దాదాపు సమానమైన రెండు చక్రాలూ, వెనుక చక్రానికి చైనూ కుదిరాయి. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు తగ్గించడానికి గాలి నింపిన టైరు తయారుచేశాడు. మనకు తెలిసిన సైకిలు దీనితో పూర్తయింది.

ఇక్కడొక విచిత్రమున్నది. మంచి రోడ్లు కావాలని గట్టిగా అడిగినవారిలో మొదటివారు మోటారు కార్లవారు కారు, సైకిళ్లవారు! అమెరికాలో 1880లో ఏర్పడిన సైకిలు తొక్కేవారి సంఘం 1892లో కేవలం రోడ్ల బాగుకోసమే ఒక పత్రిక నడిపింది. 1893లో అక్కడి వ్యవసాయ శాఖలో రోడ్ల విచారణకొక కార్యాలయం వెలిసింది. అలా అడిగి సాధించుకొన్న నున్నని దారుల మీదికి మోటారు కార్లు వచ్చాయి, సైకిలు అంచుకు జరిగింది. ఇల్లు కట్టినవాడు అరుగు మీద పడుకొన్నట్లయింది.

మన దేశం సంగతి వేరు. ఇక్కడ సైకిలు చాలాకాలం కంకర మీదనే, మట్టి మీదనే బతికింది. మొదట ఇంగ్లండు నుంచి దిగుమతి అయిన రాలీలు, హంబర్లు, తరువాత మద్రాసు, సోనేపట్, లూధియానా కర్మాగారాల నుంచి వచ్చినవి. అట్లాస్ 1951లోనూ, హీరో 1956లోనూ మొదలయ్యాయి. పల్లెలను పక్కా రోడ్లతో కలిపే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభమయింది 2000 డిసెంబరులో. అంతకు ముందు పోస్టుమానూ, పాలవాడూ, బడిపంతులూ తొక్కినది ఏ దారిమీదనో వేరే చెప్పాలా? నేను నేర్చుకొన్నదీ ఆ నల్ల సైకిలు మీదే. గంటకింత అని అద్దెకు తెచ్చి, సీటు అందక, నడుమ కడ్డీ కిందుగా కాలు దూర్చి తొక్కేవాళ్లం. ఆ రోజుల్లో సైకిలుకు పంచాయతీ లైసెన్సు బిళ్ల ఉండాలి, రాత్రి దీపం ఉండాలి, లేకుంటే జరిమానా.

కొత్త సైకిలు కొన్న మర్నాడు ఒక పని చేశాను. దాని టైరు మీద 40 మిల్లీమీటర్లు అని రాసి ఉన్నది. డ్రిల్లు మాస్టారి పాత సైకిలు టైరు మీద 28 × 1½ అంగుళాలు అని ఉన్నది. ఒకటిన్నర అంగుళమంటే 38 మిల్లీమీటర్లు. రెంటికీ తేడా రెండు మిల్లీమీటర్లు! మధ్యలో పందెపు సైకిళ్ల టైర్లు వేలి మందానికి సన్నబడి, నున్నని తారుకు తప్ప దేనికీ పనికిరాకుండా పోయాయి. ఇప్పుడు కంకర కోసం ప్రత్యేకంగా తయారుచేశామంటున్నది వెడల్పులో మన పాత సైకిలు టైరే. డిస్కు బ్రేకులూ, తేలికైన చట్రమూ, పది గేర్లూ మాత్రం కొత్తవి.

ఈ తిరుగుప్రయాణానికి తేదీలున్నాయి. ఇటలీలోని టస్కనీలో తెల్లని సున్నపురాతి బాటలకు తారు పూయకుండా కాపాడుకోవాలనే తలంపుతో 1997లో గయోలే అనే ఊళ్లో "ఎరోయికా" అనే సైకిలు యాత్ర మొదలయింది. అందులో పాతకాలపు సైకిళ్ల మీదే రావాలి. 2006లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న పట్టణం నుంచి చెకుముకిరాళ్ల గుట్టల గుండా 200 మైళ్ల పందెం పెట్టారు. మొదటి ఏడు వచ్చినవారు కొన్ని పదులమందే. తరువాత అది వేలమంది పాల్గొనే ఉత్సవమయింది. 2022లో ఇటలీలోనే తొలి ప్రపంచ గ్రావెల్ పోటీలు జరిగాయి. నూరేళ్ల క్రితం ఏ కంకరను తప్పించుకోవాలని సైకిళ్లవారు ఉద్యమించారో, ఆ కంకరనే వారి మనుమల మనుమలు వెదుక్కొంటూ వెళ్తున్నారు. తారు రోడ్డు మీద కార్ల మధ్య వారికి చోటు మిగలలేదు మరి.

ఇక మోటారు సంగతి. సాయం పుచ్చుకొంటే సైకిలు తొక్కినట్లా కాదా అనే వివాదం మోటారుతో పుట్టలేదు, గేర్లతోనే పుట్టింది. ఫ్రాన్సులో సెంతెత్యెన్ నగరవాసి పోల్ ద వివీ 1887లో సైకిలు పత్రిక పెట్టి, కొండ ఎక్కడానికొక గేరు, దిగడానికొక గేరు ఉండాలని జీవితమంతా వాదించాడు. 1902లో గేర్లను పరీక్షించడానికి కొండదారుల్లో ఒక పోటీ పెడితే, మూడు గేర్ల సైకిలు మీద వచ్చిన ఒక మహిళ ఒకే గేరు సైకిలుతో వచ్చిన ప్రసిద్ధ పందెగానిమీద నెగ్గింది. అయినా పత్రికా సంపాదకుడు ఆన్రి దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు నలభై అయిదేళ్లు దాటినవారికే తగునని, కండబలంతో గెలవడమే గెలుపని రాశాడు. అప్పటికి ఆయన వయసు 37! మరుసటి ఏడు టూర్ ద ఫ్రాన్స్ పందెం స్థాపించినవాడూ ఆయనే. ఆయన పెత్తనం సాగినంతకాలం ఆ పందెగాళ్లు కొండ మొదట్లో దిగి, వెనుక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకొని, మరొక పళ్లచక్రంతో ఎక్కవలసి వచ్చేది. 1936లో అనారోగ్యంతో ఆయన తప్పుకొన్నాడు. 1937లో చైను మార్చే గేర్లకు అనుమతి వచ్చింది. నేడు గేర్లు లేని పందెపు సైకిలును ఆ దారిలో ఎవరూ ఊహించను కూడా లేరు.

విద్యుత్తు కూడా మనమనుకొన్నంత కొత్తది కాదు. 1895 డిసెంబరు 31న అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆగ్డెన్ బోల్టన్ వెనుక చక్రం కుండలోనే మోటారు అమర్చిన సైకిలుకు పేటెంటు పొందాడు. ఆలోచన సరైనదే, బరువైన బ్యాటరీలే అడ్డమయ్యాయి. సుమారు నూరేళ్లు ఆగాలి. 1991లో లిథియం-అయాన్ బ్యాటరీలు బజారుకు వచ్చాయి. వాటి వెనుక ఉన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ లభించింది. 1993లో జపానులో యమహా సంస్థ, తొక్కేవాని పాదం పెడలుపై వేసే ఒత్తిడిని కొలిచి, దానికి తగినంత సాయమే మోటారు చేసే సైకిలును విడుదల చేసింది.

నేను దుకాణంలో అడిగిన మొదటి ప్రశ్న దీని గురించే. కొన్ని సైకిళ్లలో పెడలు తిరుగుతున్నదా లేదా అన్నదే యంత్రానికి తెలుస్తుంది. కాలు కదిపితే చాలు, మోటారు ఒక్కసారిగా తోస్తుంది. మరికొన్నింటిలో ఎంత బలంగా తొక్కుతున్నామో కొలిచే సాధనం, టార్క్ సెన్సారు, ఉంటుంది. ఇది ఖరీదు. అయినా కంకర మీద చక్రం జారకుండా ఉండాలంటే ఇదే మేలు. మరొక సంగతి: 250 వాట్ల లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉండి, నియమాల ప్రకారం తయారైన ఇటువంటి వాహనానికి మన దేశంలో లైసెన్సు గాని రిజిస్ట్రేషను గాని అక్కరలేదు. మోటారు లేని సైకిలుకు బిళ్ల కట్టించుకొన్న రోజులు చూసిన నాకు ఇది నవ్వు తెప్పించింది.

మా కాలువ గట్టు అచ్చమైన గ్రావెల్ బాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సాగిన కాలువలు నీటికే కాదు, పడవలకూ దారులు. గాలి లేనప్పుడు పడవలను తాళ్లతో లాగే మనుషులు ఆ గట్ల మీదే నడిచారు. వారి అడుగుల మీద నేను సైకిలు తొక్కుకొంటూ వెళ్తున్నానన్న స్పృహ నాకు ప్రతిసారీ కలుగుతుంది.

ఒక ఆదివారం రాత్రి ఛార్జింగు పెట్టడం మరచి మర్నాడు బయలుదేరాను. వెళ్లడం సాఫీగానే జరిగింది. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి, ఊరికి నాలుగు కిలోమీటర్లు ఉందనగా బ్యాటరీ అయిపోయింది. సైకిలు బరువు ఇరవై కిలోల పైచిలుకు, అంటే డ్రైస్ యంత్రానికి అటూ ఇటూ. దిగి కొంత నడిపించి, కొంత తొక్కి, చీకటి పడేవేళకు ఇల్లు చేరాను. మోకాలు రెండు రోజులు పలికింది. కాని డ్రిల్లు మాస్టారి ప్రశ్నకు జవాబు ఆ దారిలోనే దొరికింది. బ్యాటరీ ఉన్నప్పుడు కూడా నా పాదం ఆగితే మోటారు ఆగుతుంది. అది నా బదులు తొక్కదు, నాతో కలిసి తొక్కుతుంది. 2016లో బెల్జియంలో ఒక ప్రపంచ పోటీలో సైకిలు చట్రంలో దాచిన మోటారు బయటపడి, ఒక క్రీడాకారిణికి ఆరేళ్ల నిషేధం పడింది. పందెంలో దాచి వాడితే అది మోసమే. నేను ఎవరితోనూ పందెం వేయలేదు. నాకు కావలసింది అక్కయ్య వాకిలి.

ఇదంతా చెబితే మాస్టారు ఊకొట్టలేదు, కాదనలేదు. "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి" అని మలుపు దాకా తొక్కుకొంటూ వెళ్లి వచ్చారు. దిగి, చొక్కా సర్దుకొని, "ఛార్జింగు ఎంతసేపు పెట్టాలి?" అని మాత్రం అడిగారు. నాలుగు గంటలన్నాను.

ఇక ఈ వాహనానికి తెలుగులో ఒక పేరు కావాలి. "కంకర సైకిలు" అంటే కంకర మోసేదనుకొంటారు. "గట్టుబండి" అన్నది మా అక్కయ్య. నాకు నచ్చింది. మీకింతకన్న మంచి మాట తోస్తే తెలియజేయగలరు.